రెండో బిడ్డను మరిచిన హాస్యం

బడి వార్షికోత్సవం దగ్గరపడిందంటే ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా కార్యక్రమాల పట్టికలో ఓ హాస్య నాటిక ఉండి తీరుతుంది. ఆరేడేళ్ల పిల్లలు ఇద్దరు: ఒకరు డాక్టరు, ఒకరు రోగి, లేదా ఒకరు మాస్టారు, ఒకరు హోంవర్కు ఎగ్గొట్టిన కుర్రాడు. దాన్ని తయారుచేసే తీరు మీద మాత్రం టీచర్లకూ తల్లిదండ్రులకూ ఎక్కడా పేచీ లేదు. ఎవరి డైలాగులు వాళ్లకు కాగితం మీద రాసివ్వాలి. ఇంట్లో అమ్మ బట్టీ పట్టించాలి. ఏ మాటను ఎలా పలకాలో, ఎక్కడ కళ్లు తిప్పాలో, ఎక్కడ నడుం మీద చెయ్యి వేయాలో పెద్దవాళ్లు చేసి చూపించాలి. బిడ్డ అచ్చంగా అలాగే చేయాలి. అప్పటికీ నవ్వు రాకపోతే ఆ బిడ్డకు కామెడీ టైమింగ్ లేదని, అది పుట్టుకతో రావాల్సిందేనని తేల్చేస్తారు. ఈ పద్ధతి తప్పు. దీనివల్ల పిల్లలకు అప్పజెప్పడం వస్తుంది గానీ హాస్యం రాదు. ఇద్దరు కలిసి చేసే సన్నివేశంలో బిడ్డకు మొట్టమొదట నేర్పవలసింది ఎదుటి బిడ్డ మాట వినడం. అది వచ్చాక, తన మాట ఎలా పలకాలో బిడ్డకు చాలావరకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దీనికి గట్టి సాక్ష్యం మన నాటక సాహిత్యంలోనే ఉంది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో బాగా పెంచి తిరగరాసిన గురజాడ 'కన్యాశుల్కం'లో వెంకటేశం బడికి వెళ్లే కుర్రాడు. తన గురువు గిరీశాన్ని వెంటబెట్టుకుని వాడు ఇల్లు చేరాక, కొడుకు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే వినాలని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ ఆమె ముందు ఇంగ్లీషు సంభాషణ సాగిస్తారు. వాళ్ల నోట వచ్చేవన్నీ చిన్నపిల్లల గేయం ముక్కలు, రీడర్ల వాక్యాలు, రేఖాగణితం తునకలు. ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. విడివిడిగా చదివితే ఆ వాక్యాల్లో ఏ ఒక్కటీ నవ్వు పుట్టించదు. అయినా నూరేళ్లకు పైగా ఆ సన్నివేశం దగ్గర ప్రేక్షకులు విరగబడి నవ్వుతూనే ఉన్నారు. ఎందుకంటే ఒకడు వల్లించిన ముక్కను రెండోవాడు నిజమైన ప్రశ్నలా వింటాడు, విని జవాబు చెబుతున్నంత గంభీరంగా ఇంకో ముక్క వదులుతాడు, ఆ ఇచ్చిపుచ్చుకోవడం చూసి తల్లి మురిసిపోతుంది. వెంకటేశం వేషం వేసిన పిల్లవాడు గిరీశం వైపు చూడకుండా, తన వంతు రాగానే ముక్క అప్పజెప్పేస్తే ఆ సన్నివేశంలో మిగిలేది పొంతన లేని ఇంగ్లీషే. మాటల్లోంచి అర్థం మొత్తం తోడేసినా నవ్వు నిలబడిందంటే దాని వేరు మాటల్లో లేదన్నమాట. మన పిల్లల నాటికల రిహార్సళ్లు మాత్రం మాటల దగ్గరే మొదలై మాటల దగ్గరే ముగుస్తాయి.

గురజాడ ఒక్కరే ఇలా రాశారని కాదు. మన హాస్య సంప్రదాయం నడిచిందే జంటల మీద. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలుంటారు. హాస్యం చెప్పే వంత పని కథకుణ్ణి వినడం, విని అడ్డుతగలడం, అర్థం కానట్టు అడగడం. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడికి బంగారక్క కావాలి. సినిమాల్లోకి వస్తే రేలంగి, రమణారెడ్డి. సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు. కోట శ్రీనివాసరావు, బాబూమోహన్. వీళ్ల పేర్లను జనం విడదీసి తలుచుకోరు. 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట' చూడండి. పిసినారి లక్ష్మీపతిగా కోట పిసినారితనమే ధర్మమన్నట్టు మాట్లాడుకుంటూ పోతాడు. ఆయన కింద పనిచేసే అరగుండు వేషంలో బ్రహ్మానందం అదంతా వింటాడు. ప్రేక్షకుడి కన్ను తరచూ నిలిచేది వింటున్న ముఖం మీదే. బ్రహ్మానందం ముఖకవళికలను మన పిల్లలచేత లెక్కలేనన్నిసార్లు అనుకరింపజేశారు. ఆ కవళికలన్నీ ఎవరో ఏదో అన్నదానికి ప్రతిస్పందనలు. అన్నవాణ్ణి తీసేసి ముఖాన్ని ఒక్కదాన్నే బిడ్డకు నేర్పితే అది కారణం లేని మెలిక. అందుకే అద్దం ముందు బాగున్నది వేదిక మీద తేలిపోతుంది.

ఈ మధ్య ఈ తప్పు యంత్రం సాయంతో ఇంకా ముదిరింది. పిల్లల గొంతులు వెనక వరుసలకు వినబడవనో, డైలాగు మరిచిపోతారనో చాలా బడుల్లో మాటలన్నీ ముందే రికార్డు చేసి స్పీకర్లలో వేస్తున్నారు. వేదిక మీద బిడ్డ పెదవులు కదిపితే చాలు. పాటకు ఇది చెల్లుతుందేమో గానీ హాస్యానికి గొంతు నులమడమే. ప్రేక్షకులు నవ్వితే రికార్డు ఆగదు. తర్వాతి మాట ఆ నవ్వులో మునిగిపోతుంది. నవ్వకపోతే అది తొందరపడదు. ఎదుటి బిడ్డ ఒక క్షణం ఆలస్యంగా తిరిగితే వేచి ఉండదు. సంభాషణలో మనుషులు ఒకరికొకరు అందించుకునే వేగం ఎంత సున్నితమైందో భాషాశాస్త్రవేత్తలు కొలిచి చూశారు. 2009లో పది భాషల సంభాషణలను పోల్చిన ఒక అధ్యయనంలో, ఒకరు ఆపడానికీ మరొకరు అందుకోవడానికీ మధ్య విరామం సగటున సెకనులో ఐదో వంతు దగ్గర తేలింది. చిన్నపిల్లలకు జవాబు అందుకోవడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. టైమింగ్ అని మనం పిలుస్తున్నది ఈ సహజమైన విరామాన్ని కావాలని కొంచెం సాగదీయడమో, కుదించడమో. ఎదుటివాడు ఎప్పుడు ఆపాడో వినకుండా ఆ పని ఎవరివల్లా కాదు. వినడాన్ని శిక్షణలోంచి తీసేసి, ఆ తర్వాత బిడ్డకు టైమింగ్ లేదని అనడం అన్యాయం. పుట్టుకతో రాలేదని మనం చెప్పుకుంటున్నదాన్ని నిజానికి మనమే రిహార్సల్లో తుడిచేస్తున్నాం.

"మీరెన్ని చెప్పినా జనం నవ్వుతున్నారు కదా" అన్నది నాకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం. నవ్వుతున్నారు, నిజమే. ఆరేళ్ల పాప నడుం మీద చెయ్యి పెట్టి, గయ్యాళి భార్యలా మొగుణ్ణి దులిపేస్తుంటే హాలు దద్దరిల్లుతుంది. ఆ నవ్వు దేనికి వస్తోందో చూడాలి. పాలపళ్ల నోటికీ, ఆ నోటినుంచి వచ్చే పెద్దల మాటకూ మధ్య ఉన్న దూరానికి వస్తోంది. ఆ దూరం పాపకు కనబడదు. తాను అన్నదానికి ఎందుకు నవ్వారో తెలియదు గనుక ఆ నవ్వును మళ్లీ తెప్పించడం ఆమె చేతిలో లేదు. ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త పెద్దదానిలా మాట్లాడటమే ఆమెకు తోచే దారి. పదేళ్లు దాటాక ఆ దూరం తరిగిపోతుంది, దానితో ఆ నవ్వూ పోతుంది. అప్పటికి ఆమెకు మిగిలిన విద్య ఏమిటి? పైగా ఆ మాటలు తరచూ ద్వంద్వార్థాలు. పిల్లలచేత పెద్దల సినిమా నృత్యాలు అసభ్యంగా చేయిస్తున్నారని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ ఛానళ్లను హెచ్చరించాల్సి వచ్చింది. నాటికకూ అదే వర్తిస్తుంది. బిడ్డకు అర్థం కాని మాటను బిడ్డ నోట పెట్టి పెద్దలు నవ్వుకోవడం బిడ్డను వాడుకోవడమే. ప్రేక్షకుల నవ్వు దానికి సమర్థన కాలేదు.

రెండో అభ్యంతరం మరింత బలమైంది, మంచి టీచర్లు చెప్పేది: ఇంత చిన్నపిల్లలకు వినడం, స్పందించడం అంటే ఏం తెలుస్తుంది, అనుకరణే కదా వాళ్ల దారి అని. శిశు మనస్తత్వ పరిశోధన ఇందుకు ఎదురు చెబుతోంది. ఇంగ్లాండులో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త వాసుదేవి రెడ్డి ఏడాది నిండని పసివాళ్లను గమనించి, ఇంట్లోవాళ్లు నవ్విన పనిని వాళ్లు మళ్లీ చేస్తారని, వస్తువును అందించబోయి చెయ్యి వెనక్కి లాక్కుని ఆటపట్టిస్తారని వివరంగా రాశారు. ఏ తెలుగింట్లోనైనా ఇది కనబడేదే. మాటలు రాకముందే బిడ్డ ఎదుటివారి ముఖం చూసి హాస్యమాడుతోంది. అంటే వినడం మనం కొత్తగా పెట్టాల్సిన విద్య కాదు. ఉన్నదాన్ని పాడుచేయకుండా పెంచాల్సింది. ఇక వయసు సంగతి. ఆస్ట్రియాకు చెందిన హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ 1983లో ప్రచురించిన ప్రయోగంలో ఒక పిల్లవాడు చాక్లెట్ ఒకచోట పెట్టి బయటికి వెళ్తాడు. తల్లి దాన్ని ఇంకోచోటికి మారుస్తుంది. తిరిగొచ్చిన పిల్లవాడు ఎక్కడ వెతుకుతాడు అని అడుగుతారు. మూడేళ్లవాళ్లు ఎక్కువగా చాక్లెట్ ఇప్పుడున్న చోటునే చూపిస్తారు. తమకు తెలిసింది అతనికి తెలియదన్న సంగతి చాలామందికి నాలుగు, ఐదేళ్ల మధ్య స్థిరపడుతుంది. సగానికి సగం హాస్య సన్నివేశాలు నడిచేది సరిగ్గా ఈ ఇరుసు మీద: ఒకరికి తెలుసు, ఒకరికి తెలియదు, ప్రేక్షకులకు రెండూ తెలుసు. కాబట్టి వయసును బట్టి మార్చాల్సింది సన్నివేశాన్ని. మూడేళ్లవాళ్లకు చేసినదే మళ్లీ చేసి నవ్వించే ఆట ఇవ్వాలి. ఐదు దాటినవాళ్లకు దాచడం, పొరబడటం, తెలియనట్టు నటించడం ఇవ్వవచ్చు.

ఉదాహరణకు ఇలాంటి సన్నివేశం తీసుకుందాం. తమ్ముడు లడ్డూ వెనక దాచుకున్నాడు, అక్క వచ్చింది. చెయ్యి చూపించమంటుంది, ఖాళీ చెయ్యి చాపుతాడు. ఇంకో చెయ్యి అంటుంది. వీపు వెనక లడ్డూ చెయ్యి మారుతుంది, రెండోదీ ఖాళీయే. రెండూ ఒకేసారి చూపించమంటుంది. కాసేపు తటపటాయించి, ఆమె తల తిప్పిన క్షణంలో లడ్డూ మొత్తం నోట్లో కుక్కేసి రెండు చేతులూ చాపుతాడు. అక్క సరేనని వెళ్లబోతూ ఆగి, నీ పేరేమిటి అని అడుగుతుంది. ఇందులో తమ్ముడికి ఒక్క డైలాగూ లేదు. బట్టీ పట్టడానికి ఏమీ లేదు గనుక అప్పజెప్పే దారి మూసుకుపోయింది. అక్క తల ఎప్పుడు తిప్పుతుందో చూడక తప్పదు. ముందే కుక్కేస్తే దొరికిపోతాడు, ఆలస్యం చేసినా దొరికిపోతాడు. టైమింగ్ అన్న మాట ఎత్తకుండానే టైమింగ్ వచ్చేసింది. అక్క వేషం వేసిన పాపకూ ఇదే పాఠం: ఆమె నిజంగా అనుమానించాలి, నిజంగా నమ్మాలి. నమ్మినట్టు నవ్వు ఆపుకుంటూ నిలబడితే తమ్ముడి పాట్లన్నీ వృథా. ఇది పట్టుబడిన తర్వాతే మాటలు చేర్చాలి, అవీ పిల్లలు తమంతట తాము అన్నవాటిలోంచి ఏరుకోవాలి.

ఇదేమీ చేతకాని ఆదర్శం కాదు. అమెరికాలో షికాగోలో వయొలా స్పోలిన్ ఈ దారిలోనే నడిచింది. హల్ హౌస్ అనే సేవాసంస్థలో పిల్లల ఆటలతో బోధించిన నీవా బోయిడ్ దగ్గర 1920లలో నేర్చుకుని, ఆ తర్వాతి దశాబ్దం చివర్లో వలసవచ్చిన కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ నాటకపు ఆటలు తయారుచేసింది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరికొకరు అద్దంలో బింబాల్లా కదలడం, అర్థం లేని భాషలో ఒకరు చెప్పింది మరొకరు గ్రహించడం అలాంటి ఆటలే. 1963లో ఆమె పుస్తకం వచ్చింది. షికాగోలోని హాస్య నాటక బృందం సెకండ్ సిటీని 1959లో మొదలుపెట్టినవారిలో ఆమె కొడుకు పాల్ సిల్స్ ఒకడు. ఆ బృందం ఎదిగింది ఈ ఆటల మీదే. అంటే పిల్లల కోసం పుట్టిన పద్ధతి పెద్దల హాస్యానికి పునాది అయింది. మనం దీన్ని తలకిందులుగా చేస్తున్నాం, పెద్దల హాస్యాన్ని తెచ్చి పిల్లల మీద అతికిస్తున్నాం. విదేశాల్లోని తెలుగు సంఘాల వేడుకలకు ఈ ఆటల పద్ధతి మరీ అవసరం. అక్కడ చాలామంది పిల్లలు తెలుగు డైలాగులను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని కంఠస్థం చేస్తారు. ఎదుటి బిడ్డ మాట అర్థం కాకపోయినా తన వంతు ఎప్పుడో లెక్కపెట్టుకుని చెబుతారు. ముందు అర్థం లేని భాషలో ఆ సన్నివేశం ఆడించి, ఎవరికి ఏం కావాలో ఒంటితో తెలిశాక తెలుగు మాటలు ఇస్తే, హాస్యంతోపాటు భాష కూడా వాళ్లకు సజీవంగా అందుతుంది.

మన కళలన్నీ కంఠస్థం మీదే నిలబడ్డాయి, దాన్ని చులకన చేస్తారా అని అడిగేవారున్నారు. చులకన చేయను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి కుటుంబాల్లో పిల్లలు నడక వచ్చిన నాటినుంచే వేదిక ఎక్కారు. అయితే ఆ పిల్లలు నాటకాన్ని రాత్రి తర్వాత రాత్రి తెర పక్కనుంచి చూస్తూ పెరిగారు. వాళ్లకు వచ్చింది మొత్తం నాటకం. అందులో తమ మాటలు ఒక భాగం. కూచిపూడి భామాకలాపంలో సూత్రధారుడే మాధవి అవుతాడు. సత్యభామతో వాదులాడుతూ, ఆమె మాటను పట్టుకుని మెలిపెడుతూ నవ్విస్తాడు. ఇవన్నీ కంఠస్థం చేసినవాళ్లు చేసినవే. తన నాలుగు వాక్యాలకు ఎర్రసిరాతో గీతగీసిన కాగితం పట్టుకుని, మిగతాది ఎవరిదో అన్నట్టు నేర్చుకోవడం మాత్రం ఈ సంప్రదాయాల్లో లేదు. కంఠస్థమే కావాలంటే ఇద్దరు పిల్లలకూ రెండు పాత్రలూ వచ్చేలా చేయండి. రిహార్సల్లో రోజు మార్చి రోజు వేషాలు మార్చండి. డాక్టరుగా ఆడిన బిడ్డకే రోగి ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

పూర్తిగా అవతలి ఒడ్డున నిలబడి అభ్యంతరం చెప్పేవారూ ఉన్నారు: అసలు చిన్నపిల్లలను ప్రేక్షకుల ముందుకు తేవద్దని. ఇంగ్లాండులో పీటర్ స్లేడ్ 1954లో వెలువరించిన గ్రంథంలో పిల్లల నాటకం వాళ్ల ఆటలోంచి పుట్టేదని, తొందరపడి వేదికెక్కించి ప్రదర్శన చేయిస్తే అది చెడుతుందని వాదించాడు. ఆయన భయం నిజమైంది. మన వేదికల మీద అది రోజూ రుజువవుతోంది. కానీ హాస్యానికి ప్రేక్షకుడు అతిథి కాదు, భాగస్వామి. నవ్వు మీద పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్, మనుషులు ఒంటరిగా ఉన్నప్పటికన్నా నలుగురిలో ఉన్నప్పుడు ముప్ఫై రెట్లు ఎక్కువగా నవ్వుతారని గమనించాడు. ఎదుటి బిడ్డను వినడం నేర్చిన పిల్లవాడు హాలును కూడా వింటాడు, నవ్వు తగ్గేదాకా ఆగుతాడు, నవ్వు రాకపోతే కంగారుపడకుండా జోడీ వైపు తిరుగుతాడు. అలాంటి బిడ్డను ప్రేక్షకుల నుంచి దాచాల్సిన పనిలేదు. దాచాల్సింది పక్క తెరలోంచి డైలాగు అందిస్తున్న టీచరమ్మ ఆత్రుతకు బొమ్మలా ఆడుతున్న బిడ్డను.

చివరికి మిగిలేది ఆచరణ మాట. టైం లేదంటారు. రెండు వారాల్లో ఇరవై మంది పిల్లలను వేదికెక్కించాలి, ప్రతి తల్లీ తన బిడ్డకు డైలాగు ఉందా అని అడుగుతుంది, వినడం నేర్పుతూ కూర్చుంటే అయ్యేదేనా అని. అయ్యేదే. బట్టీకి పట్టే రోజులకన్నా ఎక్కువ పట్టదు, పైగా నిలుస్తుంది. బట్టీ పట్టిన నాటికలో ఒక వాక్యం మరిచిపోతే ఇద్దరూ కొయ్యబారిపోతారు, ఎందుకంటే తర్వాతి వాక్యానికి దారి ఆ వాక్యమే. ఎదుటి బిడ్డకు ఏం కావాలో తెలిసినవాళ్లు వాక్యం పోయినా తడుముకుని ఏదో ఒకటి అనుకుని ముందుకెళ్తారు. ప్రేక్షకులకు ఏం పోయిందో తెలియను కూడా తెలియదు. ఇక తల్లుల డైలాగుల లెక్క. ఆ లెక్కను పెంచి పోషిస్తున్నది బడులే. చురుకైన బిడ్డకు నవ్వించే వేషం, మెతక బిడ్డకు ఊరికే నిలబడే వేషం ఇచ్చి, బహుమతి మొదటివారికి కడుతున్నాం. లడ్డూ సన్నివేశంలో అక్క లేకపోతే తమ్ముడు ఏం చేయగలడు? కాబట్టి పిల్లల నాటిక పోటీల్లో ఉత్తమ హాస్యనటుడు, ఉత్తమ హాస్యనటి అనే బహుమతులు ఎత్తేసి, జోడీకే బహుమతి ఇవ్వాలి. మార్కుల కాగితంలో ఉచ్చారణకు, వేషధారణకు పక్కన ఇంకో గడి గీయాలి: తన మాట లేనప్పుడు ఈ బిడ్డ ఏం చేస్తోంది? న్యాయనిర్ణేతలు ఆ గడి నింపడం మొదలుపెట్టిన ఏడాదే టీచర్లు రిహార్సల్లో ఆ సంగతి చూడటం మొదలుపెడతారు. రికార్డు చేసిన గొంతులతో వచ్చే హాస్య నాటికలను పోటీకి తీసుకోకూడదు. హాలు పెద్దదైతే పిల్లలకు మైకులు పెట్టండి. అదీ కుదరకపోతే ప్రేక్షకుల కుర్చీలను ముందుకు జరపండి.